టేబుళ్లు చూసి రమ్మన్న మేడమ్

మేడమ్ పోయారన్న కబురు మా అటెండర్ తెచ్చాడు. పొద్దున పదిన్నర. నేను జర్నళ్ల చందాల ఫారం నింపుతున్నాను. తలుపు దగ్గరే నిలబడి, "సార్, మన పాత మేడమ్ పోయిందంట. తెల్లారుజామున, తార్నాకల ఇంట్లనే. నిద్రలనే," అన్నాడు. "ఎన్నింటికి తీస్కపోతరంట?" అని అడిగాను. "రెండింటికి" అన్నాడు. తల ఊపి మళ్లీ ఫారం వైపు తిరిగాను. మిగిలిన నాలుగు గడులూ నింపాను. తర్వాత చూసుకుంటే అందులో ఒక్క తప్పూ లేదు. ఏడుపు రాలేదు. పదకొండు రోజులైంది, ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు. ఎందుకో నాకు తెలియదు.

ఆమె మా యూనివర్సిటీ లైబ్రరీలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా రిటైరయ్యారు. నాకు పని నేర్పింది ఆమే. అమ్మానాన్నలది గోదావరి వైపు, తను మాత్రం ఇక్కడే, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగారు. అందుకే ఆమె మాటలో 'అండీ' ఉండేది, 'జర' కూడా ఉండేది. కోపం వస్తే 'అండీ' ఎక్కువయ్యేది.

ఎవరైనా వచ్చి పుస్తకం అడిగితే వెంటనే అర దగ్గరికి పరిగెత్తడం ఆమెకు నచ్చదు. ఒకసారి ఒక ప్రొఫెసర్ గారు వచ్చి గణాంకాల పుస్తకాలన్నీ ఎక్కడున్నాయో చూపించమన్నారు. నేను అప్పటికే లేచి నిలబడ్డాను. మేడమ్ కుర్చీ లాగి, "కూర్చోండి. ఇప్పుడు ఏం పని మీదున్నారండీ?" అన్నారు. పది నిమిషాలు మాట్లాడాక తేలింది, ఆయనకు కావలసింది ఒకే ఒక్క పట్టిక. అది మా దగ్గర లేదు కూడా. పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉంది. ఆయన వెళ్లాక నాతో, "మనిషి అడిగేది ఒకటి, కావలసింది ఇంకోటి. పాపం, అది వాళ్లకే తెలియదయ్యా," అన్నారు.

వచ్చినవాళ్లను తలుపు దాకా సాగనంపేవారు. అక్కడ ఆగి, "అంతేనా అండీ? ఇంకేమైనా ఉందా?" అని అడిగేవారు. అడిగి ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం మామూలుది కాదు, ఎదుటివాడికి ఇబ్బందయ్యేంత సేపు ఉండేది. చాలామంది అసలు సంగతి అక్కడే చెప్పేవారు. నేను వెనకాల నవ్వుకునేవాణ్ని. గంటకొకరిని ఇట్ల సాగనంపితే పనెప్పుడైతది అని అటెండర్‌తో అన్నాను కూడా. ఎంత తెలివైనవాణ్నో!

ఇక ఆమెకు ఏదైనా తెలియాల్సి వస్తే ఏం చేసేవారో చెబితే మీరు నమ్మరు. ఆమె కుర్చీ వెనక అరలో గ్రంథాలయ నిర్వహణ మీద లావుపాటి పుస్తకాలుండేవి. వాటిని ఆమె తెరవగా నేను చూడలేదు. ఫోన్ తీసేవారు. ఆమె డైరీలో మనుషులు పేర్ల వరసలో ఉండరు, వాళ్లకు తెలిసిన సంగతుల వరసలో ఉంటారు. 'చెదలు' అని ఉంటే దాని కింద మల్కాజ్‌గిరిలో ఉండే ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ నంబరు. 'బైండింగ్', 'ఆడిట్ అభ్యంతరాలు', 'పైకప్పు కారడం' అన్నిటికీ మనుషులున్నారు. "లైబ్రరీ నడిపేవాళ్లం పుస్తకాలు చూసి నడపమయ్యా. పక్క లైబ్రరీవాణ్ని అడిగి నడుపుతాం. సిగ్గేం లేదు, అందరం అంతే," అనేవారు. నా నంబరు 'కంప్యూటర్' కింద ఉండేది. అది చూసి నేను పొంగిపోయాను.

ఆమెకు ఇంకో పట్టుదల ఉండేది. రీడింగ్ హాల్లో టేబుళ్ల మీద వదిలేసిన పుస్తకాలను సాయంత్రం నాలుగు దాకా ఎవరూ తీసి అరల్లో పెట్టకూడదు. నాలుగింటికి తనే చేతులు వెనక్కి కట్టుకుని టేబుల్ టేబుల్‌కూ తిరిగేవారు. ఏ పుస్తకం తెరిచి ఉంది, ఏది బోర్లా పడుకుంది, దేంట్లో బస్సు టికెట్టు పెట్టి ఉంది, అన్నీ చూసేవారు. కంప్యూటర్ చెప్పనిది టేబుల్ చెబుతుందని ఆమె నమ్మకం.

నేను చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను.

పోటీ పరీక్షల విద్యార్థులకు కుర్చీలు చాలడం లేదని, ఒక హాలు ఖాళీ చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వాడకంలో లేని పుస్తకాల జాబితా తయారుచేసే పని నాకిచ్చారు. కంప్యూటర్‌లో పదేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకాలేవో అడిగాను. అరగంటలో జాబితా వచ్చింది. మేడమ్ దాన్ని చూసి, "బాగుంది. సంతకం చేసే ముందు ఒక వారం టేబుళ్లు చూసిరా," అన్నారు. వారం తర్వాత అడిగారు, "చూశావా?" అని.

"చూసిన మేడమ్," అన్నాను.

చూడలేదు. ఒక్క రోజు కూడా హాల్లోకి వెళ్లలేదు. ఆమె నా మాట నమ్మి, వరసలు చదవకుండానే సంతకం పెట్టేశారు.

ఆ జాబితాలో పాత జిల్లాల వర్షపాతం సంపుటాలు, జిల్లాకొకటి, పదకొండున్నాయి. వాటి వీపు మీద ఎర్ర చీటీ ఉండేది, అంటే లైబ్రరీలోనే చదువుకోవాలి, ఇంటికివ్వరు. ఇంటికివ్వని పుస్తకాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదని కంప్యూటర్ చెబితే, దాన్ని ఎవరూ చదవడం లేదని నేను అనుకున్నాను. ఇంటికివ్వని పుస్తకాల వాడకం కంప్యూటర్‌లో పడదని మా కోర్సులో మొదటి నెలలోనే నేర్పుతారు. సంపుటాలు పాత కాగితాల కొట్టుకు వెళ్లిపోయాయి.

నాలుగో రోజు ఒక పరిశోధక విద్యార్థిని కౌంటర్ దగ్గరికొచ్చింది. నల్లగొండ వైపు రైతు కుటుంబం అమ్మాయి. వానల మీదే ఆమె పరిశోధన. "సార్, గాడ కిటికీ పక్క అరల ఉండె కదా, వానల బుక్స్, ఎటు పోయినయ్? నేను రోజూ వచ్చి రాసుకుంటున్న," అంది. ఏడాది నుంచి మూడో టేబుల్ దగ్గర కూర్చుని చేత్తో రాసుకుంటోందట. ఒక్క సాయంత్రం హాల్లోకి వెళ్లినా కనపడేది.

పోయిన సంపుటాల మీద విచారణ కమిటీ కూర్చుంది. జాబితా ఎవరు తయారుచేశారని అధ్యక్షులు అడిగారు. "కింద సంతకం నాదండీ," అన్నారు మేడమ్. తనిఖీ జరిగిందా అంటే, "నేను చేసుకోవాల్సింది. చేసుకోలేదండీ," అన్నారు. నేను ఆమె పక్క కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న నీళ్ల గ్లాసు చూస్తున్నాను. బయటికొచ్చాక క్యాంటీన్‌కు తీసుకెళ్లి టీ ఇప్పించారు. టీ అయ్యాక మెట్ల దగ్గర ఆగి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు.

"ఏం లేదు మేడమ్."

ఆమె ఊరుకున్నారు. చాలాసేపే ఊరుకున్నారు. తర్వాత, "సరే, పద. ఆ పుస్తకాల కాపీలు ఇంకెక్కడున్నాయో వెతకాలి," అన్నారు. మూడు వారాలు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియకపోతే, తెలిసినవాడెవడో తెలిసినవాణ్ని పట్టుకునేవారు. తొమ్మిది దొరికాయి, ఒక్కొక్కటి ఒక్కో చోట. రెండు దొరకలేదు. ఆ రెండు జిల్లాలనూ అమ్మాయి తన సిద్ధాంత వ్యాసంలోంచి తీసేయాల్సి వచ్చింది.

మేడమ్ ఫైలులో మెమో చేరింది. ఆ ఏడాది లైబ్రరీ బాధ్యత ఆమెకు రావాల్సింది. రాలేదు. ఆమె రిటైరైన రెండేళ్లకు ఆ కుర్చీ నాకొచ్చింది. ఆ రోజు మిఠాయి డబ్బా పట్టుకుని తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక ఆమె ఫ్లాట్‌కు వెళ్లాను. "ఇప్పుడు నీ తిప్పలు మొదలయ్యాయి," అని నవ్వారు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. మైసూర్‌పాక్ తిని వచ్చాను.

ఆ తర్వాత వారంలో మూడు రోజులైనా ఫోన్ చేసేవాణ్ని. వెండార్ మాట మార్చినా, కొత్త సాఫ్ట్‌వేర్ మొరాయించినా, నాకు గుర్తొచ్చే మొదటి నంబరు అదే. ప్రతిసారీ చివర్లో, "అంతేనా? ఇంకేమైనా ఉందా?" అనేవారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబుండేది. ఆఖరి ఫోన్‌లో కూడా అదే చెప్పాను. పోవడానికి ఎనిమిది రోజుల ముందు. ఆమెకు తెలుసని నాకు తెలుసు. నేను చెబితే వినాలని చూస్తున్నారని కూడా తెలుసు. అయినా చెప్పలేదు. ఇంతకంటే అన్యాయం నేను ఎవరికీ చేయలేదు.

సంతాప సభ మా సెమినార్ హాల్లోనే జరిగింది. దండ వేసిన ఫోటో, రెండు నిమిషాల మౌనం. నా వంతు వచ్చింది. లేచి మొత్తం చెప్పాను. జాబితా నాదని, టేబుళ్లు చూశానని అబద్ధం చెప్పానని, ఆమె నా తప్పు తన మీద వేసుకున్నారని చెప్పాను. చందాల ఫారం చదివినట్టే చెప్పాను. కూర్చున్నాక పక్కనున్న ఒక ప్రొఫెసర్ గారు నా భుజం తట్టి, "బాగా మాట్లాడిండ్రు. ఆమె మనసు అంత గొప్పది," అన్నారు. అందరూ టీకి లేచారు. అంతే, అయిపోయింది.

మర్నాడు ఆఫీసు నుంచి సభ నివేదిక టైపు చేసి పంపారు. నా పేరు ఎదురుగా ఒకే వాక్యం: 'దివంగత మేడమ్ గారి సేవలను కొనియాడుతూ ప్రసంగించారు.'

పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. పక్కన ఖాళీలో రాశాను: 'పుస్తకాల జాబితా నేను తయారుచేశాను. టేబుళ్లు చూశానని మేడమ్‌కు అబద్ధం చెప్పాను. మెమో నాకు రావాల్సింది.' కింద సంతకం పెట్టి, ఇది ఆమె ఫైలులో చేర్చమని ఇంకో వరుస రాశాను. అటెండర్ తీసుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు.

"సార్, మేడమే లేకపాయె. ఇప్పుడెందుకు సార్ గిది?"

పెన్నుకు మూత పెట్టాను.

"ఇట్లనే ఇయ్యాల్నా ఆఫీసుల?"

"ఇట్లనే ఇయ్యి."

ఇంకు ఇంకా ఆరలేదు. అతను ఆ కాగితాన్ని మడవలేదు, ఫైలులో పెట్టలేదు. రెండు చేతుల్తో అంచులు పట్టుకుని, ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా ఉంచి, వరండా వెంట మెల్లగా నడుచుకుంటూ వెళ్లాడు.