పిట్ట ముక్కు వెనక మాట

తిరుపతి నుంచి కాట్పాడి పోయే రైల్లో నా ఎదుట ఒక మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. అతని ఒళ్ళో అట్టతో చేసిన పెద్ద పిట్ట ముక్కు ఉంది. ఆమె ఒక టోపీకి ఈకలు కుడుతోంది. చిత్తూరులో ఉన్న ఆమె చెల్లెల్ని తెచ్చి, తమ ఇంట్లో పెట్టుకుని తిరుపతిలో కాలేజీకి పంపాలని పోతున్నారట.

"గ్రీకుల పాత నాటకం అవ్వా. పిట్టయిపోయిన రాజు వేషం నాది. ఈకలు రాలిపోయి వస్తాను, జనం పడీ పడీ నవ్వుతారు. శనివారం రాండి, టికెట్ లేదు" అన్నాడు.

ఏదైనా సగం చెప్తే నాకు లెక్క కుదరదు. రాజు పిట్ట ఎందుకయ్యాడని అడిగాను.

"పెళ్ళాం చెల్లెల్ని పిల్చుకోని రాను పోయి, దావలో చెరిచినాడు. చెప్పేస్తాదని నాలిక కోసినాడు. దేవుళ్ళు పిట్టను చేసినారు. మా నాటకంలో అదంతా లేదులే, నవ్వులాటే."

"మరదలే కదప్పా!" అన్నాడు పక్కాయన.

"అదే కదన్నా! మరదలంటే సగం పెళ్ళామే" అని అతనూ నవ్వాడు.

ఆమె చేతిలో సూది ఆగింది. పాకాలలో రైలు నిలవగానే ఫోను తీసి చెల్లెలికి చేసింది. "పాపా, మా ఇంటికి రావద్దు. హాస్టల్లో చేరు."

"ఏమే, నీ నాలిక కూడా కొయ్యాల్నా?" అంటూ అతను ఆ ముక్కును ఆమె మూతికి తగిలించి, దాని రబ్బరును తల వెనక్కి లాగి వదిలాడు. "ఇప్పుడు కుయ్యి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆమె ముక్కు తీయలేదు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, అట్ట వెనక నుంచి మళ్ళీ చెప్పింది. "రావద్దు పాపా."

శనివారం ఆ నాటకానికి నేను పోలేదు.