తవ్వని గుంత

"...బూట్లకి మట్టి పూసింది నువ్వే కదక్కా! ఇప్పుడు నాకు నీతులు చెప్తావేం?"

"మెల్లగా మాట్లాడు. ఆయనొచ్చే వేళయింది. ఆ పూటకి గండం గడుస్తుందని పూశాను గానీ, పైపు పగులుతుందని నేను కలగన్నానా?"

ఆయన అప్పటికే వచ్చాడు. వీధి గుమ్మంలో కూర్చుని ఒక కాలి బూటు విప్పి, రెండోదాని తాడు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. వంటింట్లో మాట్లాడుకుంటున్నది ఆయన భార్య, ఆమె తమ్ముడు.

హైవే వెడల్పు చేసేటప్పుడు అడ్డమొచ్చే నీళ్ల పైపుల్ని, కరెంటు కేబుళ్లని, స్తంభాలని పక్కకు జరపాలి. అందుకు ఎంత ఖర్చవుతుందో ముందుగా అంచనా వెయ్యడం ఆయన ఉద్యోగం. జుట్టు నెరిసేదాకా చేసింది ఆ ఒక్క పనే. నేల కింద ఏమేం ఉన్నాయో పాత నక్షాల్లో గీసే ఉంటుంది. ఆయన వాటిని నమ్మడు. "నక్షా అంటే పెళ్లి ఫొటో. అందులో ఉన్న ముఖం ఇప్పుడెక్కడుంది?" అనేవాడు. అనుమానమున్న ప్రతిచోటా గుంత తవ్వించి, తానే దిగి, పైపు మీద చెయ్యి వేశాకే అంచనా రాసేవాడు. పైవాళ్లు ఎంత తొందరపెట్టినా వినేవాడు కాదు.

ఇద్దరు పిల్లల తండ్రయిన బావమరిది ఉన్న పని పోయి తిరుగుతుంటే, ఆ ఆఫీసులో పెట్టించింది ఆయనే. వాడే ఆయనకు గుంతల బావ అని పేరు పెట్టాడు. "మా గుంతల బావని స్వర్గానికి తీసుకెళ్లినా, ముందు అక్కడో గుంత తవ్వి చూసిగానీ కాలు పెట్టడు," అని భోజనాల దగ్గర అందర్నీ నవ్వించేవాడు. అందరికంటే ఎక్కువగా ఆయనే నవ్వేవాడు.

పోయిన వానాకాలం ఆయనకు మోకాలు పట్టేసింది. ఆఫీసు కుర్చీ దాటి కదల్లేని స్థితి. ఊరికి నీళ్లు తెచ్చే పెద్ద పైపు దగ్గరికి మొదటిసారి తన బదులు బావమరిదిని పంపాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాడు వసారాలో కూర్చుని ఉన్నాడు, బూట్ల నిండా మట్టి.

"నక్షాలో ఉన్నట్టే ఉంది బావా. రోడ్డుకి బాగా ఎడంగా. చెయ్యి పెడితే చల్లగా తగిలింది," అన్నాడు.

చల్లగా అన్న మాటకు ఆయన మురిసిపోయాడు. వీడికి పని పట్టుబడిందనుకున్నాడు. అలిసిపోయి వచ్చాడు కదా అని, వాడు వద్దంటున్నా వినకుండా, మోకాలి నొప్పి ఓర్చుకుని కుళాయి దగ్గర పీట వేసుకుని ఆ బూట్లు తానే కడిగాడు. మర్నాడు పొద్దున్నే ఆ పైపును జరపనవసరం లేదని రాసి సంతకం పెట్టాడు.

ఈ ఉదయం తవ్వే యంత్రం రోడ్డు వెడల్పు కోసం సున్నంతో గీత గీసిన చోటే సరిగ్గా తవ్వింది. పైపు అక్కడే ఉంది. నీళ్లు ఎగదన్ని, గట్టు విరిగి యంత్రం ఒరిగిపోయింది. నడిపే మనిషి కాలు విరిగి ఆసుపత్రిలో పడి ఉన్నాడు. అతనే గీత దాటి తవ్వాడని సాయంత్రానికల్లా ఆఫీసులో ఒక మాట పుట్టింది. రేపు విచారణ.

ఆయన ఒంటి బూటుతోనే వంటింట్లోకి వచ్చాడు. భార్య చేతిలో గరిటె ఆగిపోయింది.

"గుంత తవ్వలేదా?"

బావమరిది గోడకేసి చూశాడు. "వాన బావా. కూలీలు రాలేదు. మర్నాడు తవ్విద్దామనే అనుకున్నా. నువ్వేమో పొద్దున్నే రాసేశావు."

"చల్లగా తగిలిందన్నావు."

"నువ్వెప్పుడూ అనే మాటే కదా అది."

ఆయన భార్యవైపు తిరిగాడు. "ఆ మట్టి ఎక్కడిది?"

"పెరట్లో పూలకుండీది." ఆమె పొయ్యి మంట తగ్గించింది. "మధ్యాహ్నమంతా వీడిక్కడే నిద్రపోయాడు. మీరు కోప్పడతారని..."

"నేను కడుగుతుంటే చూస్తూ నిలబడ్డావు."

ఆమె గరిటె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చింది. "ఎలాగూ ఆ డ్రైవరుదే తప్పంటున్నారు. మీరు నోరు విప్పకుండా ఉంటే చాలు కదండీ. మీ ఉద్యోగమూ నిలుస్తుంది, వీడి పిల్లలూ రోడ్డున పడరు."

"బావా, నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు బావమరిది.

ఆయన అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుని, రెండో బూటు కూడా విప్పాడు.

"రేపు విచారణకి వెళ్తున్నాను," అన్నాడు. "అతను గీత దాటలేదని చెప్తాను. గుంత తవ్వలేదని, చూడకుండా సంతకం పెట్టింది నేనని కూడా చెప్తాను."