నోట్లో బెల్లం, చేతిలో గోల్ఫ్ కర్ర

నేను గోల్ఫ్ ఆడతానంటే మా చోడవరంలో నవ్వుతారు. వైజాగ్‌లో ఆడేవాళ్ల బ్యాగులు మోసే పని నాది. సోమవారం క్లబ్బుకి సెలవు, ఆ రోజు మేం ఆడుకుంటాం. పోయిన వారం బంతి నీళ్లలో పడిందని కర్ర విసిరేశాను. ఇంకోసారి విసిరితే పనే ఉండదన్నాడు సూపర్‌వైజరు.

ఈ రోజు చివరి గుంత దాకా నాతోపాటు బ్యాగులు మోసే అప్పన్న, నేను సమానంగా ఉన్నాం. అక్కడ నా బంతి మళ్లీ నీళ్లలోకే పోయింది.

"ఏటిరా, నీకు బంతికంటే కర్రే దూరం ఎల్తాది కదా. ఇసురు, సూస్తాం," అన్నాడు అప్పన్న.

ఒళ్లు మండిపోయింది. జేబులోంచి అమ్మ ఇచ్చిన బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. అది కరిగేదాకా తిట్టకూడదు, కొట్టకూడదు అన్నది అమ్మ మాట. కరిగాక ఇంకో బంతి పెట్టి కొడితే గుంత పక్కనే ఆగింది.

అది చూసి అప్పన్న తొందరపడి కొడితే, వాడి బంతి గుంత పక్కనున్న ఇసుకలో పడింది. అందులో కూరుకుపోయిన దాన్ని బయటికి తీయడానికే బోలెడు దెబ్బలు కొట్టాడు. తక్కువ దెబ్బలతో గుంతలో వేసి గెలిచింది నేనే. వాడు విసిరిన కర్ర వెళ్లి నీళ్లలో పడింది.

జేబులో మిగిలిన బెల్లం ముక్క వాడి చేతిలో పెట్టి, "సప్పరించరా, కరిగేదాకా మాటాడకు," అన్నాను.

కోపమొస్తే అంకెలు లెక్కపెట్టమనేవాళ్లు ఒకసారి అప్పన్న పక్కన నిలబడి లెక్కపెట్టి చూడండి. మీ జేబులో ఏముంటుందో కింద రాయండి.