మెట్ల మలుపు గది

గాలి వచ్చే జాలీ దగ్గర అతను అరచెయ్యి పెట్టడు. గాలి చల్లదనం బాగా తెలుస్తుందని చెయ్యి తిప్పి వెనకవైపు పెడతాడు, కళ్ళు మూస్తాడు. ఏ ఇంట్లోనైనా అంతే. పెళ్ళి ఫొటోలో కూడా చెయ్యి తిప్పి, కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాడని భార్య అంటుంది. ఫొటో చూస్తే నిజమే.

అతను ఇళ్ళకు చలీ వేడీ పంచే మెకానిక్. ఇంటికి ఏసీ మిషను ఒకటే ఉంటుంది. గాలి గొట్టాల్లో రేకు తలుపులు పెట్టి, గోడలకు థర్మోస్టాట్లు బిగించి, ఎవరి భాగంలో ఎంత కావాలో వాళ్ళే పెట్టుకునేలా చేస్తాడు.

ఆ రోజు పని అన్నదమ్ముల ఇంట్లో. అన్న కింద, తమ్ముడు పైన. మెట్ల మలుపులో ఒక చిన్న గది. వాళ్ళిద్దరినీ పెంచిన అక్క కుట్టుమిషనుతో అందులో ఉంటుంది. ఇల్లు రెండు భాగాలు చెయ్యమన్నారు. అక్క గది గొట్టం ఎటు కలపాలో చెప్పలేదు. అడిగాడు.

“తమ్ముడి వైపు కలపండి. అక్కకు వాడంటే ప్రాణం,” అన్నాడు అన్న.

“పెద్దవాడుండగా నేనా? అన్నయ్య వైపే మర్యాద,” అన్నాడు తమ్ముడు.

మర్యాదలు చాలాసేపు నడిచాయి. లోపల కుట్టుమిషను ఆగింది. అక్క గుమ్మంలోకి వచ్చింది.

“ఏం నాయనా, నన్నెవరి నెత్తిన పెడుతున్నారు?”

“ఇంకా తేలలేదండీ.”

“తేలకపోతే చెప్పు. మిషను చంకన పెట్టుకుని నేనే పోతా. వీళ్ళిద్దరి లాగూలూ కుట్టిన మిషనది. దాని బరువు నాకలవాటే.”

నవ్వుతూనే అంది. మంచం మీద మడిచిన బట్టలు, పక్కన ఖాళీ సంచీ ఉన్నాయి. అతను చూశాడు.

కంట్రోల్ పెట్టెలో మూడో జత వైర్లకు చోటుంది. అక్క గది గొట్టానికి మూడో రేకు తలుపు, గోడకు మూడో థర్మోస్టాట్ పెట్టాడు. ఎవరినీ అడగలేదు.

“ఇది మీదేనండీ. నొక్కండి.”

నొక్కింది. అన్నదమ్ముల భాగాలు అప్పటికే చల్లబడి ఉండటంతో గొట్టాల్లో కింది తలుపు, పై తలుపు మూసుకున్నాయి. ఇల్లంతటికీ సరిపడే గాలి ఆ ఒక్క గదిలోకి దూరింది. జాలీ ఈల వేసింది. కుక్కరనుకుని తోడికోడళ్ళిద్దరూ వంటింట్లోకి పరుగెత్తారు.

“నేను ఊపిరి పీల్చినా ఊరంతా తెలియాలా?” అంది అక్క. థర్మోస్టాట్ ఆపేసి బట్టలు సంచీలో పెట్టసాగింది.

గొట్టాలున్న అటక మీద అప్పటికే చీకటి పడింది.

“పొద్దున్న దాకా ఆగండి,” అన్నాడు. “తప్పు నాది. మీది కాదు.”

“ఈ ఇంట్లో ఆ మాట అన్నవాడివి నువ్వే,” అంది. సంచీ జిప్పు మాత్రం వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి అటకెక్కాడు. అన్న తలుపు, తమ్ముడి తలుపు పూర్తిగా మూసుకోకుండా, చెరో వేలెడు సందు మిగిలేలా మరలు బిగించాడు. ఈల ఆగింది. ఇక ఆవిడ గది చల్లబరుచుకున్నప్పుడల్లా కిందికి కొంత గాలి, పైకి కొంత గాలి పోతుంది, వాళ్ళకు కావాలన్నా వద్దన్నా. అన్నదమ్ములు అడిగితే, ఏసీ మిషను పద్ధతే అంత అన్నాడు.

అక్క బట్టలు తిరిగి అలమారలో సర్దుతూ, ఎంత చల్లగా పెట్టుకోవచ్చని అడిగింది.

మీ ఇష్టం అని చెప్పి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.