ఆయమ్మ పారబోసిన జొన్నలు

అంగన్‌వాడీలో నాతో పనిచేసిన ఆయమ్మ పోయిన గురువారం వనపర్తి దవాఖానలో చనిపోయింది. కబురు కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌కి వచ్చింది. గద్వాల నుంచి వీపనగండ్ల దగ్గర మేం పనిచేసిన ఊరికి బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

టీచరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆయమ్మది మా అమ్మ వయసు. పొద్దున్నే వచ్చి వాకిలి ఊడ్చి, పెసలు కట్టిన గుడ్డను వేలితో నొక్కి చూసేది. "గుడ్డ ఆరొద్దు, నీళ్లు నిలవొద్దు. గింజను తొందర పెట్టొద్దు టీచరమ్మా" అనేది. మొలకలు ముందు తను నాలుగు నమిలి, ఆ తర్వాతే పిల్లల చేతుల్లో పోసేది. "పిల్లగాండ్ల కడుపు చిన్నది. మన తప్పు పెద్దగ తాకుతది" అనేది.

ఆమెకు చదువు రాదు. నాకు వచ్చు, అదే నా పొగరు. మొలకెత్తిన గింజ బలమని శిక్షణలో విని వచ్చాను. పెసలు అందరి ఇళ్లలో ఉండవు, జొన్నలు ఉంటాయి. ఇంటికో దోసెడు తెమ్మని తల్లులకు చెప్పి, నానబెట్టి, గుడ్డలో కట్టించాను. ఆ మొలకలు పచ్చివే పిల్లలకు పెట్టాలని నా ఏర్పాటు.

ఆయమ్మ అడ్డం వచ్చింది. "జొన్న మొలక పచ్చిగ పెట్టొద్దు టీచరమ్మా. లేత జొన్న మేసి మా బర్రె సచ్చింది."

"రోజూ రొట్టె చేసుకుని తినే గింజే కదా! మన పిల్లలేమన్న బర్రెలా?" అన్నాను. తల్లులంతా నవ్వారు. ఆ నవ్వు నాకు భలే నచ్చింది.

మూడో రోజు తల్లులు వచ్చి కూర్చునేసరికి గుడ్డ ఖాళీ.

"పారబోసిన. గవి పిల్లలకు పెట్టుడు నాతోని కాదు" అంది ఆయమ్మ.

"పారబోసినవా, ఇంటికి పట్కపోయినవా?" అని ఒకామె అడిగింది. నేను ఆపాల్సింది. ఆపకపోగా, "సంచి చూపించు" అన్నాను.

ఆయమ్మ నా మొహం వైపు ఒకసారి చూసి, సంచి నేల మీద కుమ్మరించింది. తడిగుడ్డ మూట ఒకటి పడింది. విప్పితే పెసర మొలకలు. ఆ రోజు పిల్లలకు పెట్టడానికని తన ఇంట్లోంచి తెచ్చింది. అయినా జొన్నల దొంగ అన్న మాట ఊళ్లో ఉండిపోయింది.

కొన్ని నెలలకు ఇంకో శిక్షణలో చెప్పారు. జొన్న మొలకలో విషం ఉంటుందట. పచ్చిది పెట్టకూడదు, ఎండబెట్టి, మొలక నలిపి తీసేసి, గింజ వేయించి పిండి పట్టాలి. తిరిగొచ్చి, ఎవరూ లేనప్పుడు ఆయమ్మకు చెప్పాను.

"పోనియ్ టీచరమ్మా. పిల్లలు మంచిగున్నరు గద" అంది.

అదే మాట తల్లుల ముందు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. పెళ్లయి గద్వాల వెళ్లిపోయేదాకా రాలేదు.

మొన్న మట్టి చేసి వచ్చాక, వాకిట్లో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. "మంచి మనిషే. గా జొన్నల పనొక్కటి చెయ్యకుండ ఉండాల్సింది" అంది. పక్కనే ఉన్న ఆయమ్మ కూతురు విన్నది. నేను నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను.

అక్కడ అనలేనిది ఇక్కడ అంటున్నాను. ఆయమ్మ దొంగ కాదు. తప్పు నాది. ఆ ఊరివాళ్లు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఆమె కూతురికి చదివి వినిపించండి.

ఆ రోజు బయలుదేరేముందు చేతులు కడుక్కుందామని నీళ్ల గోలెం దగ్గరికి వెళ్లాను. ఆయమ్మ కూతురే వచ్చి చెంబు ముంచి, తలెత్తకుండా నా చేతుల మీద నీళ్లు పోసింది. "చాలమ్మా" అన్నాను. పోస్తూనే ఉంది.