అరుగు మీద ఇరవై నాలుగు కాయలు

నా చిన్నప్పుడు, ఎనభైల్లో ఒక వేసవి సాయంత్రం, అరగంట గాలివానకి మా ఇంటికి పోయినవి చెబుతాను. నాన్న కాపు కొన్న మామిడి తోటలో మూడోవంతు కాయలు, కావలి పాక కప్పు, కొత్తగా అల్లించిన పదకొండు బుట్టలు, అమ్మ డాబా మీద ఆరబోసిన మిరపకాయలు. మా నూజివీడు వైపు కాపు కొనడమంటే, పూత మీదే యజమానికి కొంత కట్టి ఆ ఏటి కాయంతా మాట్లాడుకోవడం. నాన్న పూత చూసే లాభం కూడా లెక్కేసుకున్నాడు. ఇంకా పదిహేను వందలు కట్టాలి. పదిహేను రోజుల్లో కట్టకపోతే చెట్ల మీద మిగిలిన కాయ కూడా యజమానిదే.

మర్నాడు మా వాకిట్లో గాలికి రాలిన పచ్చి కలెక్టరు మామిడికాయల గుట్ట. ఊరంతా అదే కాయ, కొనేవాడు లేడు. కోసి, ఉప్పేసి, ఎండబెట్టి ఒరుగులు చేద్దామని నాన్న హుషారుగా కత్తిపీటలు పోగేశాడు. అప్పుడే మా మేనత్త బస్సు దిగింది. ఆవిడ నాన్నకి అక్క, హనుమాన్ జంక్షన్‌లో టిఫిన్ హోటల్ నడిపేది.

"ఎవరు కొంటార్రా?" అంది.

"ఎవరో ఒకరు కొంటారులే అక్కా."

"ఆ ఎవరో ఒకరి ఇంటిపేరేంటి?"

అత్త నన్ను పిలిచి ఇరవై నాలుగు కాయలు అరుగు మీద వరసగా పెట్టమంది. ఒక్కో కాయ వంద రూపాయలకి లెక్క. నూట ఇరవై కిలోల ఒరుగులు, కిలో ఇరవై, అదీ అంతా అమ్ముడైతే. తర్వాత ఒక్కొక్కటే పక్కకి జరిపింది. యజమానికి పదిహేను. కోసే ఆడవాళ్ళ కూలికి నాలుగు. ఉప్పుకీ చాపలకీ ఒకటి, బండి బాడుగకి ఒకటి. ఇంకో రెండు తీసి గోడవార విడిగా పెట్టింది.

"అవెందుకు?" అన్నాడు నాన్న.

"వానకి."

"ఇంకా వానేంటక్కా, పోయాల్సిందంతా పోసిందిగా!"

ఒక్క కాయ మిగిలింది. అదే లాభమని నాన్న చెయ్యి చాపితే అత్త ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "అది మీ ఆవిడ కూలి, పిల్ల కూలి. ఇంట్లోవాళ్ళ రెక్కలు ఊరికే వచ్చాయా?" అమ్మకి డెబ్భై, నాకు ముప్పై అని అక్కడే తేల్చేసింది.

"మరి నాకేంటి?" అన్నాడు నాన్న, చిన్నపిల్లాడిలా.

"చెట్ల మీదున్న కాయంతా నీదే కదరా!"

కొనేవాళ్ళు ఖాయమయ్యేదాకా కత్తి ముట్టుకోవద్దని చెప్పి ఆవిడ తిరుగు బస్సెక్కింది. కాయ కమిలిపోతోందని సణుగుతూ నాన్న రోజంతా గుట్ట చుట్టూ తిరిగాడు. చీకటి పడేవేళకి అత్త జంక్షన్‌లో హోటళ్ళన్నీ తిరిగి మళ్ళీ వచ్చింది. వానాకాలంలో పప్పులోకి పచ్చిమామిడి దొరకదు కాబట్టి ఆరు హోటళ్ళు ఒరుగులకి ఒప్పుకున్నాయి, సరుకు అందగానే డబ్బు. తెల్లారి కత్తిపీటలు లేచాయి.

ముక్కలు సగం ఎండేసరికి మబ్బేసి జల్లు పడింది. ఒక డాబా మీది ముక్కలన్నీ నల్లబడ్డాయి. నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి గోడవారనున్న రెండు కాయలూ తెచ్చి ఆయన ముందు పెట్టాను. నాన్న వాటికేసి చూసి, నాకేసి చూసి, పకపకా నవ్వి లేచాడు.

గడువు రోజున యజమాని మైలవరం నుంచి ఇంకో బేరగాణ్ణి వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. నాన్న అదే అరుగు మీద హోటళ్ళిచ్చిన డబ్బులోంచి వంద నోట్లు పదిహేను, అత్త కాయలు పేర్చినట్టే, వరసగా పేర్చాడు. బేరగాడు కాఫీ తాగి వెళ్ళిపోయాడు. చెట్ల మీది కాయ మాకు దక్కింది. మరుసటేడు పక్క తోట కాపు కూడా మేమే కొన్నాం.

నేను పెద్దగా చదువుకోలేదు, లెక్కలు ఆ అరుగు మీదే నేర్చుకున్నాను. అయినా వ్యాపారం పెడతామని మా వీధివాళ్ళు నా దగ్గరికే వస్తారు. కొనేవాడి ఇంటిపేరు అడుగుతాను. వానకి ఎంత తీశారని అడుగుతాను. ఇంట్లోవాళ్ళ కూలి లేని లెక్కని మాత్రం అసలు చూడను.

అమ్మ తన డెబ్భై ఆ వారమే పట్టుబట్టి తీసుకుంది. నాన్నకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఫోన్ చేసినప్పుడల్లా నా కూలి అడుగుతాను, "వచ్చే కాపుకి ఇస్తాలేవే" అంటాడు. బాకీ అలాగే ఉంది, ముప్పై రూపాయలు.