తెల్లటి పాదాలు

యాప్రాల్‌లో మా కొత్త ఇంటికి సీలింగ్ పని జరుగుతోంది. తడి ప్లాస్టర్ వాసనకు ఇప్పటికీ నా అరికాళ్లు జిల్లుమంటాయి.

చిన్నప్పుడు, నేను రెండో తరగతిలో ఉన్న రోజులవి. నావి చదును పాదాలు. బడి నుంచి లాలాగూడలోని ఇంటికి నడిచేసరికి పిక్కలు లాగేవి.

"చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ సెట్ అయితది. పాపకు నొప్పి ఉంది కాబట్టి బూట్లలోకి సోల్స్ చేయించండి" అన్నాడు డాక్టరు.

అమ్మ నన్ను మోండా మార్కెట్ వెనక అలాంటి సోల్స్ చేసే ఒక దుకాణానికి తీసుకెళ్లింది. లోపల మసక చీకటి. గోడ పొడవునా అరల్లో తెల్లటి పిల్లల పాదాలు, చీలమండల దగ్గర తెగి, వేళ్లన్నీ మావైపే తిరిగి ఉన్నాయి.

"పాప పాదాలు తీసుకుంటమమ్మా. వారం దాకా మా దగ్గరనే ఉంటయ్" అన్నాడు దుకాణదారు.

నావీ కోసి ఆ అరలో పెడతాడనుకున్నాను. అతను నా పాదాలకు తడి ప్లాస్టర్ పట్టీ చుట్టాడు. అది మెల్లగా వేడెక్కి, రాయిలా బిగుసుకుంది. లోపల నా వేళ్లు కదల్లేదు. కాసేపటికి కత్తెరతో చీల్చి, రెండు తెల్లటి పాదాలను ఊడదీసి అరలో పెట్టాడు.

కిందికి చూశాను. రెండు కాళ్లున్నాయి.

"అమ్మా, నావి అరలో ఉంటే మరి ఇవెవరివి?" అన్నాను.

అమ్మ నవ్వలేదు. చెప్పు విడిచి తన పాదాన్ని నా పాదం పక్కన ఆనించింది. ఎక్కడా వంపు లేకుండా రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"నావే, బిడ్డా" అంది.

సోల్స్‌తో నా నొప్పి తగ్గింది. అమ్మ మాత్రం రోజూ సాయంత్రం పిక్కలు ఒత్తుకుంటూ కూర్చునేది. తనను చిన్నప్పుడు ఏ డాక్టరుకూ చూపించలేదని నాకు చాలా ఏళ్లకు తెలిసింది.